మతలబు

"అసలు మీ మతలబేంటో చెప్పండి."

అడిగినాయన కోపంగా ఏమీ అడగలేదు. ఫైలుకు కట్టిన దారం విప్పుకుంటా, మొహం ఎత్తకుండా అడిగాడు. ఆయనకది రోజూ వాడే మాట. మాకు మాత్రం నోట్లో తడి ఆరిపోయింది.

సంగతి చాలా చిన్నది. మదనపల్లెలో మా వీధి చివర ఒక గది అద్దెకు తీసుకున్నాం. సాయంత్రం పూట పిల్లలకు చదువు చెప్పడానికి, పెద్దవాళ్ళు వచ్చి నాలుగు పేపర్లు తిరగేయడానికి. ఒక ఇనుప బీరువా, అందులో తెలుగు పుస్తకాలు, ఉర్దూ పుస్తకాలు. బోర్డు పెట్టి పదిరోజులైనా కాలేదు, ఆకాశరామన్న అర్జీ ఒకటి ఆ ఆఫీసుకు చేరింది. రాత్రిళ్ళు తురకోళ్ళు గుంపులుగా చేరుతున్నారనీ, దీని వెనక ఏదో మతలబు ఉందనీ, విచారించాలనీ రాశాడు. ఒక్క అక్షరదోషం లేదు. దస్తూరీ ముత్యాల మాదిరి ఉంది. మా ట్యూషను పిల్లలకు చూపించి ఇట్లా రాయండ్రా అని చెప్పొచ్చు.

ఇదే మదనపల్లెలో 1919లో టాగూరు కొన్నాళ్ళుండి, దివ్యజ్ఞాన సమాజం వాళ్ళ కాలేజీలో కూర్చొని, జనగణమనను ఇంగ్లీషులోకి మార్చాడు. స్కూలు ఫంక్షన్లలో ఈ ముక్క చెప్పని హెడ్మాస్టరు లేడు. ఆ పాటను మేమూ ఛాతీ విరుచుకొని పాడినవాళ్ళమే. పాడినన్నాళ్ళూ మా మతలబేమిటని ఎవరూ అడగలేదు. పుస్తకాల బీరువా తెచ్చుకున్నాక అడిగారు.

ఆ రోజు మేము తడబడింది భయంతోనే కాదు. ఆ మాటే మమ్మల్ని తికమక పెట్టింది. మా ఇంట్లో మతలబ్ అంటే అర్థం. ఉత్త అర్థం. చిన్నప్పుడు తెలుగు వాచకం గట్టిగా చదువుతుంటే, తెలుగు చదవడం రాని మా అమ్మీ పొయ్యికాడ రొట్టెలు కాలుస్తా అడిగేది, "మతలబ్ క్యా రే?" అని. మా దక్కనీలో చెప్పేవాళ్ళం. చెప్పలేకపోతే ఆ పాఠం చదవనట్టే లెక్క. అట్లా ఆ మాట మాకు రొట్టె వాసనతో, చదువుతో కలిసి వచ్చింది. అదే మాటను ఒక ఆఫీసరు బల్లకు అవతలి నుంచి మా మీదికి విసిరితే, మా అమ్మీ పమిట కొంగు ఎవరో లాక్కొని మా చేతులు కట్టేసినట్టనిపించింది.

మా దాదా పుంగనూరులో అర్జీలు రాసి బతికాడు. జమీందారీ ఊరు అది. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాక పట్టాల తగాదాలు, హద్దుల తగాదాలు, చెరువు కింద తడి భూముల తగాదాలు ఏళ్ళ తరబడి సాగినాయి. ఆఫీసు ముందర చెట్టు కింద దాదాకొక చెక్కపెట్టె, దాని మీద సిరాబుడ్డి, అద్దుడు కాగితం. రెడ్లొచ్చేవాళ్ళు, గొల్లలొచ్చేవాళ్ళు, మాలమాదిగలొచ్చేవాళ్ళు. అందరినీ ఆ పెట్టె ముందు అదే చాప మీద కూర్చోబెట్టేవాడు. వచ్చినాయన తాతల కాలం నుంచి మొదలుపెడితే దాదా కాసేపు విని, కలం సిరాలో ముంచి, "అదంతా ఉండనీ నాయనా, మతలబు చెప్పు" అనేవాడు. ఆ ఒక్క మాటతో ఆ మనిషికి ఏం కావాల్నో బయటికొచ్చేది. బాట కావాల. పట్టా కావాల. తమ్ముడు తన వాటా ఇవ్వాల.

దాదా రాసే తెలుగు ఇప్పుడెవరూ రాయరు. సదరు, మజుకూరు, తాలూకు, వగైరా, దఖలు, రుజువు, రాజీనామా. అవి మా ఇంటి మాటలేం కావు, అందరి ఆఫీసు మాటలు. కడప నవాబులు, ఆర్కాటు నవాబులు, హైదరాలీ, టిప్పు ఏలిన సీమ ఇది. మదనపల్లె నుంచి పొద్దున బయల్దేరితే గుర్రంకొండ చూసి మధ్యాన్నానికి ఇంటికి రావచ్చు. కొండ కింద మీర్ రజా అలీ ఖాన్ మఖ్బరా ఉంది, హైదరాలీ చుట్టం ఆయన. 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి ఇచ్చేశాడు, మరుసటి సంవత్సరం ఆర్కాటు వైపుదీ కంపెనీ చేతికే పోయింది. దొరలు మారారు గానీ కచేరీలో మాటలు మారలేదు. సంతకం రాని రైతుకు కూడా 'హక్కు' అంటే ఏందో తెలుసు. ఆ హక్కు అరబీ మాట అని చెబితే నవ్వుతాడు. "నా హక్కు నీదెట్లయితాదప్పా?" అంటాడు.

అరబీలో మాటలకొక పోత ఉంది. మూడు హల్లులు పట్టుకొని ముందర ఒక 'మ' తగిలిస్తే, చాలాసార్లు ఆ పని జరిగే చోటు అవుతుంది. సజ్దా చేసే చోటు మస్జిద్, మన తెలుగులో మసీదు. రాత నేర్చే చోటు మక్తబ్. బండి దిగి ఆగే చోటు మంజిల్, తెలుగు నోట్లో పడి మజిలీ అయింది. అదే పోతలో తలబ్ నుంచి మతలబ్. తలబ్ అంటే వెతుకులాట, కోరడం, అడగడం. చదువును వెతికేవాడు తాలిబ్. మా మామకు బీడీ కోసం నాలుక పీకితే దాన్నీ తలబ్ అనే అంటాడు. కాబట్టి మతలబ్ అంటే వెతుకుతా పోయినవాడు చేరాలనుకున్న చోటు. మాట వెనక వెతికితే అర్థం, పని వెనక వెతికితే ఉద్దేశం. దొంగతనం అందులో ఎక్కడా లేదు.

ఇది అరబీకి మాత్రమే ఉన్న విడ్డూరమూ కాదు. సంస్కృతంలోని 'అర్థం' చూడండి. మాటకు అర్థం అదే, పని దేనికోసమో చెప్పేదీ అదే. 'విద్యార్థి'లోని అర్థి కోరేవాడే. తాలిబ్ అన్నా విద్యార్థి అన్నా, రెండు భాషలూ ఒకే పిల్లోణ్ణి ఒకే చూపుతో చూసినాయి. ఒకే పిల్లోడు. అయినా ఒక మాట వింటే మీకు పుస్తకాల సంచీ గుర్తొస్తుంది, ఇంకో మాట వింటే తుపాకీ గుర్తొస్తుంది. తప్పంతా మీదే అనడం లేదు. ఆ పేరు పెట్టుకొని తుపాకీ పట్టినవాళ్ళున్నారు, ఆడపిల్లల బళ్ళు మూసినవాళ్ళు వాళ్ళే. వాళ్ళ పాపంలో ఆ మాటక్కూడా వాటా పడింది.

తొమ్మిదో క్లాసులో మాకు తెలుగు వ్యాకరణం చెప్పిన అయ్యవారు మంచి మనిషి. మమ్మల్ని ఏనాడూ తక్కువగా చూడలేదు. ఆయన ఒకరోజు నల్లబల్ల మీద నాలుగు గడులు గీశాడు. తత్సమం, తద్భవం, దేశ్యం, నాలుగోది అన్యదేశ్యం. నాలుగో గడిలో కబురు, జవాబు, ఖరీదు, వకీలు, మతలబు అని రాస్తా పోయాడు. క్లాసంతా తిరిగి మా బెంచీ వైపు చూసింది. ఎవరూ ఏమీ అనలేదు. రోడ్డూ బస్సూ రైలూ కూడా ఆ గడిలోవే గానీ, అవి రాసినప్పుడు ఎవరి వైపూ ఎవరూ తిరగలేదు. తిరగడానికి ఆ క్లాసులో దొరలెవరూ లేరు కదా. సంస్కృతం నుంచి వచ్చినదాన్ని 'దానితో సమానం' అన్నారు. మా నోటి నుంచి వచ్చిందనుకున్నదాన్ని 'ఇంకో దేశానిది' అన్నారు. వ్యాకరణం రాసినవాళ్ళకు చెడ్డ తలంపు ఏమీ ఉండి ఉండదు. ఆ రోజు ఆ బెంచీ మీద కూర్చున్నవాళ్ళకు ఆ సంగతి తెలిసే దారీ లేదు.

కడపలో ఉద్యోగం చేసిన బ్రౌను దొర, 1854లో మిశ్రభాషా నిఘంటువు అని వేరే పుస్తకమే వేయించాడు. తెలుగులో కలిసిపోయిన హిందుస్తానీ, పారసీ, అరబీ మాటలకది. కచేరీ పనికి ఎంతో పనికొచ్చింది, మంచి పనే. తెలుగుకు ఆయన చేసిన సేవను మేమూ నెత్తిన పెట్టుకుంటాం. కానీ ఆ పేరు చూసినప్పుడల్లా ఒక చిల్లర ఆలోచన వస్తుంది. మా మాటలకు కూడా ఊరి బయట వేరే ఖబ్రస్తానే ఇచ్చారే అని.

మతలబు చెడ్డ మాట ఎప్పుడైంది? నిజం ఒప్పుకోవాలంటే ఉర్దూలోనే సగం చెడింది. మతలబీ అంటే తన పని తాను చూసుకొనేవాడు, స్వార్థపరుడు. అవసరం తీరాక మొహం చాటేసే చుట్టాన్ని మా అమ్మీ కూడా మతలబీ అనే తిట్టేది. తక్కిన సగం తెలుగులో చెడింది. ఇప్పుడు పేపర్లో 'మతలబేమిటి' అని హెడ్డింగు కనబడితే, ఏదో గూడుపుఠాణీ బయటపడబోతోందని చదవకముందే తెలిసిపోతుంది. పైకి చెప్పేది ఒకటి, లోపల ఉన్నది ఇంకొకటి అయితేనే అది మతలబు. మతలబు పైకి చెప్పమని దాదా అడిగేవాడు. ఇప్పుడు చెప్పగలిగితే అది మతలబే కాదు. అందుకే ఆ ఆఫీసరు ప్రశ్నకు జవాబు లేదు. పిల్లలకు చదువు చెప్పడానికండీ అంటే, 'సరే, అసలు మతలబేంటి' అని మళ్ళీ అడుగుతాడు. అడిగాడు కూడా.

మా ఇంట్లో ఉద్దేశానికి ఇంకో మాట ఉంది. నియ్యత్. దాన్ని మాకు నేర్పింది కుప్పంలోని మా నానీ.

కుప్పం ఒక వింత ఊరు. అటు నడిస్తే కన్నడం, ఇటు నడిస్తే తమిళం. మా నానీ దక్కనీలో మొదలుపెట్టి, కూరగాయల బేరం తెలుగులో చేసి, కోపమొస్తే తమిళంలో ముగించేది. ద్రావిడ విశ్వవిద్యాలయం 1997లో ఆ ఊరికి వచ్చిందని విన్నప్పుడు, మా నానీని ఆచార్యురాలిగా వేసుకోవచ్చని ఇంట్లో నవ్వుకున్నాం. రంజాన్ నెలలో తెల్లవారుజామున సహరీ తిన్నాక మమ్మల్ని వరసగా కూర్చోబెట్టి నియ్యత్ కట్టమనేది. ఈ పొద్దు ఉపవాసం ఎవరి కోసం, ఎందుకు అని మనసులో అనుకోవాల. అనుకోకుండా పొద్దంతా కడుపు మాడ్చుకుంటే అది రోజా కాదు, ఉత్త ఆకలి.

అక్కడి మసీదులో పిల్లలకు అరబీ చెప్పే హజ్రత్ ఒకాయన ఈ మాట పుట్టుక చెప్పాడు. నియ్యత్ పుట్టిన ధాతువులోనే ఖర్జూరపు గింజకు కూడా పేరుంది. అది నవా. ప్రయాణంలో పట్టే దిక్కునూ, చేరాల్సిన చోటునూ అదే మాటతో చెప్పేవాళ్ళట పాత అరబ్బులు. గింజకూ దిక్కుకూ ఏం సంబంధమో హజ్రత్ వివరించలేదు. మేము ఇంటికొచ్చి నానీకి చెప్పాం. ఆమె అప్పుడు సంవత్సరానికి సరిపడా చింతపండు ముందర పోసుకొని గింజలు తీస్తా ఉంది. ఒక గింజ మా అరచేతిలో పెట్టి, "పండు తింటే పోతాది, మొలిచేది ఇదే" అంది. నిఘంటువులు రాసినవాళ్ళ సంగతేమో గానీ మాకు అది చాలింది.

పనుల విలువ నియ్యత్‌ను బట్టేనని ప్రవక్త చెప్పినట్టు హజ్రత్ ఉమర్ నుంచి వచ్చిన హదీసుతోనే బుఖారీ తన సంకలనాన్ని మొదలుపెట్టాడు. మా పిల్లలు అన్నిటికన్నా ముందు నేర్చుకొనే హదీసుల్లో అదొకటి. దూదేకుల ఇళ్ళలో నియ్యత్ తెలుగులోనే అనుకుంటారు. మాలో షేక్‌లమని, సయ్యద్‌లమని చెప్పుకొనేవాళ్ళు దానికి నవ్వుతారు. మనసులో అనుకొనేదానికి ఈ భాషే కావాలని దేవుడెక్కడ చెప్పాడో ఆ నవ్వేవాళ్ళు చూపిస్తే బాగుండు. పక్కింట్లో వినాయకచవితికి పంతులుగారు సంకల్పం చెప్పించేటప్పుడు మేము గడప ఇవతల నిలబడి వినేవాళ్ళం. ఏ చోట, ఏ రోజు, ఏ గోత్రం, ఏ పేరు, దేనికోసం. మా నానీ నియ్యత్ ఇంత పొడుగుండదు గానీ, పని మొదలుపెట్టే ముందు ఎందుకో చెప్పుకోవాలన్నది అక్కడా ఇక్కడా ఒకటే. తెలంగాణ తెలుగులోనైతే నియ్యతు అంటే నిజాయితీ. నియ్యతు లేనోడు అంటే అక్కడ ఏ కులపోడికైనా ఏ మతపోడికైనా తిట్టే. ఒకే ఇంటి నుంచి బయల్దేరిన రెండు మాటల్లో ఒకటి అక్కడ గౌరవంగా బతికింది, ఒకటి ఇక్కడ దొంగచూపులు చూస్తా తిరుగుతోంది.

ఇంతవరకు చెప్పి ఊరుకుంటే మేమూ మతలబీలమే అవుతాం. కుప్పంలోనే మా ఖాలా కథ ఉంది.

ఖాలా మొగుడు బెంగుళూరులో పని చేసేవాడు, ఆదివారం ఆదివారం రైల్లో వచ్చేవాడు. 1994లో ఒక ఆదివారం అన్నం దగ్గర మాటామాటా పెరిగింది. మూడుసార్లు ఆ మాట అనేశాడు. తెల్లారి తనే వచ్చి నానీ కాళ్ళ దగ్గర కూర్చొని ఏడ్చాడు. "నా నియ్యత్ అది కాదు అమ్మీ, కోపంలో నోరు జారింది" అన్నాడు. పెద్దమనుషుల్ని పిలిచారు. వాళ్ళు కితాబులు చూసి చెప్పింది ఒకటే. సూటిగా ఆ మాట అనేశాక నియ్యత్ అడగనక్కర్లేదు, నవ్వులాటకన్నా పడిపోయినట్టే. మాట డొంకతిరుగుడుగా ఉంటేనే మనసులో ఏముందో అడగాల. మన హనఫీ మజహబ్‌లో అంతే. వాళ్ళు అబద్ధం చెప్పలేదు, అంతే రాసి ఉంది.

మా నానీ పరదా వెనక నుంచి అడిగిన ప్రశ్న ఇప్పటికీ మా చెవుల్లో ఉంది. నమాజుకు నియ్యత్ కావాల, రోజాకు నియ్యత్ కావాల, ఒక ఆడమనిషి సంసారం తీసేసేదానికి అక్కర్లేదా? జవాబు రాలేదు. టీలు తాగి వెళ్ళిపోయారు. ఖాలాకు అప్పటికి ఇద్దరు ఆడపిల్లలు.

2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు షాయరా బానో కేసులో, ముగ్గురు ఒకవైపు ఇద్దరు ఒకవైపుగా, ఒక్క దెబ్బన చెప్పే తలాఖ్‌ను కొట్టేసింది. 2019లో చట్టం వచ్చింది, చెప్పినవాడికి మూడేళ్ళ దాకా జైలు. ఇంట్లో మగవాళ్ళం అందరం ఒకే గొంతుతో అన్నాం: మన ఆడవాళ్ళ మీద వాళ్ళకింత ప్రేమ ఎప్పట్నుంచి? దీని వెనక మతలబేంటి? అవును, అదే మాట. ఆకాశరామన్న మాటే మా నోట్లోంచి వచ్చింది. ఖాలా బియ్యం చెరుగుతా తలెత్తకుండా అంది, "వాళ్ళ మతలబు వాళ్ళదే పోనీ. ఆ పొద్దు ఈ చట్టం ఉండుంటే నా బిడ్డలు బళ్ళో ఉండేవాళ్ళు." ఆ చట్టం తెచ్చినవాళ్ళ నియ్యత్ మీద మా అనుమానం ఇంకా పోలేదు. మొగుడు పెళ్ళాన్ని వదిలేస్తే వేరే వాళ్ళకు లేని జైలు మాకెందుకన్న ప్రశ్నా పోలేదు. ఖాలాకు చెప్పడానికి మాత్రం మా దగ్గర ఏమీ లేకపోయింది.

నేరానికి తలంపు ఉండాలని చట్టం చదివినవాళ్ళు చెబుతారు. తలంపు ఉందని రుజువు చేసే బరువు సర్కారుదేనంటారు. 2007 మే 18న హైదరాబాదు మక్కా మసీదులో నమాజు వేళ బాంబు పేలింది. చనిపోయింది ముస్లింలు, పట్టుకుపోయిందీ ముస్లిం కుర్రాళ్ళనే. నెలల తరబడి జైల్లో పెట్టారు, హింసించారు. తర్వాత కోర్టులు నిర్దోషులన్నాయి, ప్రభుత్వం పరిహారం కూడా ప్రకటించింది. ఆ వారం మదనపల్లెలో హైదరాబాదులో చదువుకొనే పిల్లలున్న ప్రతి ఇంట్లో ఒకటే ఫోను: గెడ్డం తీసెయ్, ఇంటికొచ్చెయ్. మనసులో ఏముందని ఎవరైనా అడుగుతారని ఎవరూ నమ్మలేదు. పేరు చూస్తే మనసు తెలిసిపోయే కాలం.

ఆ ఆఫీసులో చివరికి రాతపూర్వకంగా వివరణ ఇమ్మన్నారు. బయట మెట్ల మీద కూర్చొని రాశాం. దాదా రాసినట్టే రాద్దామనిపించి, పైన అర్జీదారుల పేర్లు, కింద 'మతలబు' అని పెట్టి గీత గీసి, నాలుగు వాక్యాలు. గది కొలతలు, తెరిచే వేళలు, పేపర్ల పేర్లు, పుస్తకాల లెక్క. లోపల గుమాస్తా చదివి తల గోక్కున్నాడు. "మతలబు అని మీరే రాసుకుంటే ఎట్లా సార్? అది మీకే దెబ్బ. ఉద్దేశ్యం అని రాయండి." మా మేలు కోరే చెప్పాడు. కొట్టేసి ఉద్దేశం అని రాశాం. ఆయన కలం తీసుకొని మా 'శం' కింద యవత్తు తగిలించాడు. తెలుగులో ఉద్దేశం సరైన మాటనీ, ఉద్దేశ్యం వేరే సంగతనీ ఆ అయ్యవారు తొమ్మిదో క్లాసులోనే చెప్పాడు. ఆ రోజు ఆయన దగ్గర నేర్చుకున్నది ఇక్కడ వాదించే ధైర్యం లేకపోయింది. దణ్ణం పెట్టి వచ్చేశాం.

గది నడుస్తోంది. ఖాలా కుప్పం నుంచి వచ్చి మాతోనే ఉంటోంది. సాయంత్రం చిన్నపిల్లల పక్కన కూర్చొని గుణింతాలు దిద్దుతోంది, కు కొమ్ముల దాకా వచ్చింది. పేపరు చదవడానికి అన్ని రకాల వాళ్ళూ వస్తారు, రిజిస్టరులో పేరు రాసి సంతకం పెట్టి కూర్చుంటారు. రాత్రి తలుపు వేసేముందు ఆ రిజిస్టరు తిప్పుతాం. సంతకాలు లెక్క పెట్టడానికని ఒకరికొకరం చెప్పుకుంటాం గానీ, మేము చూసేది ఆ ముత్యాల దస్తూరీ కోసం.